పాచి గీకిన చాలునా?

ధ్యానమునకు వాక్యభాగములు: హోషేయ 10:12, మత్తయి 12:43–45, లూకా 13:6–9

సూరత్ నగరమునకు నైరుతి దిశగా ఆల్థాన్ అను ప్రాంతము కలదు. ఒకప్పుడది పొలముల నడుమనున్న గ్రామము. నేడది ఎత్తైన నివాస భవనములతో నిండి నగరములో కలిసిపోయినది. ఆ భవనముల నడుమ పిల్లలు ఆడుకొనుటకును, వృద్ధులు సాయంకాలము కూర్చుండుటకును చిన్న చిన్న పచ్చికబయళ్లు పెంచుదురు. సూరత్‌లో సంవత్సరమునకు కురియు సుమారు 1,200 మిల్లీమీటర్ల వర్షములో అధికభాగము జూన్ మొదలు సెప్టెంబరు వరకు గల నాలుగు నెలలలోనే కురియును. ఆ ప్రాంతపు నేల నల్లరేగడి. తడిసినప్పుడు బంకవలె అంటుకొనును, ఎండినప్పుడు నెఱ్ఱెలు వాయును. వానకాలములో భవనపు నీడ పడు మూలను, నడచువారి పాదములక్రింద గట్టిపడిన చోటను, నీరు ఇంకక నిలుచు పల్లమునందును గరిక పలుచబడును. ఆ ఖాళీలో మెల్లగా పాచి పరచుకొనును. దూరమునుండి చూచువానికి అంతయు పచ్చగానే కనబడును. కాలు మోపినవాడు మాత్రము జారిపడును.

అట్టి పచ్చికను చూచినప్పుడు సామాన్యముగా జరుగునదేమి? తోటమాలిని పిలిచి పాచి గీకివేయుమందురు. కొందరు అన్నభేది నీటిలో కలిపి చల్లించుదురు. కొన్ని దినములలో పాచి నల్లబడి చచ్చును, చూచినవారు సంతోషింతురు. మరుసటి వానకాలము వచ్చునప్పటికి అదే మూలలో, అదే పల్లములో, మునుపటికంటె దట్టముగా పాచి కమ్ముకొనును. తోటమాలి సోమరి అందురు. మందు మంచిది కాదందురు. నేలనుగూర్చి ఎవరును ఏమియు అడుగరు.

ప్రియ చదువరులారా, ఈ చిన్న సంగతిలో ఆత్మసంబంధమైన గొప్ప హెచ్చరిక ఇమిడియున్నది. చల్లారిపోయిన విశ్వాసి తిరిగి చిగురించుట ఎట్లు? క్షీణించిన సంఘము మరల పచ్చబడుట ఎట్లు? పాచి గీకుటవలన పచ్చిక బాగుపడినయెడల పైపై దిద్దుబాటువలన ఆత్మయు బాగుపడును. కాని పచ్చిక విషయములోనే అది జరుగుట లేదు.

మొదట పాచి ఎట్టిదో తెలిసికొనవలెను. దానికి నిజమైన వేరు లేదు. నూలుపోగులవంటి సన్నని తంతువులతో అది నేలను పట్టుకొని, తన చిన్ని ఆకులతోనే తడిని పీల్చుకొని బ్రదుకును. దానికి పువ్వు లేదు, గింజ లేదు. ధూళివంటి సిద్ధబీజములు గాలిలో కొట్టుకొనివచ్చి తడిచోట మొలచును. తెగిన తునకయు మరల పెరుగును. వేసవిలో ఎండి పొడియైనట్లు కనబడినను, అనేక జాతుల పాచి తొలకరి చినుకు పడగానే మరల పచ్చబడును. ఇంత మొండిదైనను అది గరికతో పోరాడి దానిని చంపునది కాదు. ఒత్తుగా, బలముగా పెరుగు గరికలో పాచికి తావు దొరకదు. గరిక బలహీనమై విడిచిన చోటును మాత్రమే పాచి ఆక్రమించుకొనును. కాబట్టి పాచి రోగము కాదు, రోగమునకు గుర్తు. అది నేల చెప్పుచున్న సాక్ష్యము: ఇక్కడ వెలుగు చాలదు, ఇక్కడ గాలి ఆడదు, ఇక్కడ నీరు కదలదు, ఇక్కడ ఆహారము లేదు.

తెలుగు నుడికారములో పాచి అను మాటకు మరియొక భావము కూడ కలదు. రాత్రి మిగిలి ఉదయమునకు చద్దిబడినది పాచిది. నిద్ర లేచి కడుగుకొనని ముఖము పాచిముఖము. తెల్లవారకమునుపే లేచి వాకిలి ఊడ్చి, అంట్లు తోముట పాచిపని. నిన్నటిది నేటికి నిలిచిపోయిన చోట పాచి పుట్టునని తెలుగు తల్లులు గ్రంథములు చదువకయే ఎరుగుదురు. అందుచేతనే పాచిపనికి పండుగ దినమని, మామూలు దినమని భేదము లేదు. దేవుని కృప ప్రతి ఉదయము క్రొత్తదగునని విలాపవాక్యముల గ్రంథము మూడవ అధ్యాయములో సాక్ష్యమిచ్చుచున్నది. ప్రతి ఉదయము క్రొత్తగా వచ్చు కృపను నిన్నటి అనుభవముతో సరిపెట్టుకొనువాడు పాచిముఖముతోనే ప్రభువు సన్నిధిని నిలుచుచున్నాడు.

ఆల్థాన్ చేరియున్న సూరత్ నగరమే ఈ పాఠమును మిగుల వెల చెల్లించి నేర్చుకొనెను. 1994వ సంవత్సరము సెప్టెంబరు నెలలో ఆ నగరములో ప్లేగు వ్యాధి భయము పుట్టెను. భారీ వర్షముల తరువాత వీధులలో చెత్త కుప్పలుగా పడియుండెను, మురుగునీరు నిలిచిపోయెను. మరణములు సంభవించినవి. లక్షలాది జనులు, వారిలో బ్రదుకుతెరువుకై వచ్చిన పనివారు అనేకులు, రైళ్లలోను బస్సులలోను కిక్కిరిసి నగరమును విడిచి పారిపోయిరి. మందుబిళ్లలు పంచిరి, వీధులలో పొడి చల్లిరి. వ్యాధి అణగిపోయెను. అంతటితో ఊరకుండినయెడల పాచి గీకినట్లే అయ్యెడిది. ఏలయనగా చెత్తయు మురుగును మునుపటివలెనే అచ్చటనే ఉండెను.

1995వ సంవత్సరము మే నెలలో సూర్యదేవర రామచంద్రరావు అను అధికారి, ఎస్. ఆర్. రావుగా పేరుపొందినవారు, నగరపాలక సంస్థకు కమిషనరుగా వచ్చిరి. ఆయన చేసిన కార్యములలో అద్భుతమైనది ఏదియు లేదు. చల్లని గదులలో కూర్చుండు అధికారులు దినదినము ఉదయమున వీధులలోనికి వెళ్లి స్వయముగా చూడవలెనని నియమించెను. వీధులు ఊడ్చుట, చెత్త ఎత్తుట క్రమముగా జరుగునట్లు చేసెను. భోజనశాలల శుభ్రతను పరీక్షింపజేసెను. మురికివాడలకు కాలువలు, నీరు, మరుగుదొడ్లు కల్పించు పనిని సాగించెను. త్రోవలను ఆక్రమించిన కట్టడములను, బలవంతులవైనను విడువక, తొలగించెను. ఒక్కమాటలో చెప్పవలెనన్న, ఒక మహానగరమునకు పాచిపని నేర్పెను. 1996లో ఇన్‌టాక్ అను సంస్థ సూరత్‌ను దేశములో చండీగఢ్ తరువాత రెండవ శుభ్రమైన నగరముగా పేర్కొనెను. ఆ అధికారి వెళ్లిపోయిన తరువాతను ఆ అలవాటు నిలిచెను. 2023 సంవత్సరపు స్వచ్ఛ సర్వేక్షణములో సూరత్ ఇండోర్‌తో కలిసి దేశమున ప్రథమ స్థానమును పొందెను. వ్యాధిని అణచుటకు కొన్ని వారములు పట్టెను. నేలను మార్చుటకు సంవత్సరములు పట్టెను. నిలిచినది ఆ రెండవ పనియే.

ఇప్పుడు ఆత్మసంబంధమైన నేలను పరీక్షింతురు గాక. పచ్చికలో పాచి పట్టుటకు గల కారణములను తోటపని తెలిసినవారు ముఖ్యముగా ఐదింటిని చెప్పుదురు.

మొదటిది నీడ. గరిక ఎండను ప్రేమించు మొక్క; దినమునకు కనీసము ఆరు గంటల ఎండ లేనిచోట అది పలుచబడును. నీడనిచ్చునది చెడ్డ వృక్షమే కానక్కరలేదు. మామిడిచెట్టు మంచిదే, వేపచెట్టు మంచిదే. అయినను దాని కొమ్మలు మిక్కిలి క్రిందికి వాలి సూర్యునికిని నేలకును నడుమ నిలిచినప్పుడు గరిక క్షీణించును. తెలంగాణ పల్లెలనుండి తరతరములుగా వలసవచ్చిన నేత కుటుంబములు సూరత్‌లో విస్తారముగా ఉన్నవి. మరమగ్గముల యొద్ద పన్నెండు గంటల పని, పగటి వంతు, రాత్రి వంతు. పిల్లల చదువు, ఊరిలోని తల్లిదండ్రులకు పంపవలసిన సొమ్ము, ఇంటి అద్దె. ఇవేవియు పాపములు కావు. ఊరిలో ఉన్నప్పుడు ఆదివారము మానని మనిషి ఇచ్చట మొదట ఒక వారము మానును, పిమ్మట రెండు వారములు, పిమ్మట పండుగకు మాత్రమే వచ్చును. అతడు ప్రభువును విడువలేదు; తిరుగుబాటు చేయలేదు. మంచి కొమ్మయే క్రిందికి వాలి వెలుగును కప్పినది. అట్టివాని గద్దించుట పాచి గీకుటయే. కొమ్మను కొంత కత్తిరించుటకు తోడ్పడుట నేలను బాగుచేయుట. కత్తిరింపరాని నీడయు కలదు. భవనమును ఎవడును కత్తిరింపలేడు. అచ్చట తెలివిగల తోటమాలి గరికనే నాటవలెనని పట్టుబట్టక నీడకు ఓర్చుకొను మొక్కను నాటును. రాత్రి వంతు పనిని మార్చుకొనలేని సహోదరునికొరకు సంఘము తన కూడిక వేళను మార్చుకొనుట దానివంటిదే.

రెండవది గట్టిపడిన నేల. పదిమంది నడచుత్రోవలో మట్టిరేణువుల నడుమ గాలి ఉండదు, నీరు దిగదు, వేరు పారదు. ప్రభువు చెప్పిన విత్తువాని ఉపమానములో త్రోవప్రక్క నేల యిదియే. మంచి విత్తనమే దానిపై పడినది. లోపలికి దిగలేదు గనుక పక్షులు మ్రింగివేసినవి. ఏండ్ల తరబడి ఒకే ప్రార్థనను ఒకే మాటలతో చెప్పుచు, ఒకే పాటను తలపు లేక పాడుచు, ప్రసంగమును ఇతరులకొరకే వినుచు నడచిన హృదయము ఇట్లే గట్టిపడును. భక్తియే త్రొక్కి త్రొక్కి దానిని త్రోవగా మార్చినది. దీనికి పైపై దంతె చాలదు. పలుగుతో నాలుగు అంగుళముల లోతున కన్నములు పొడిచి, వాటిలో ఇసుకయు మాగిన ఎరువును నింపవలెను. హోషేయ ప్రవక్త దున్నక విడిచిన బీటిని దున్నుకొనుడని ఇశ్రాయేలును పిలిచినది ఇందుకే. పొడుచుట బాధాకరము. అయినను ఆ కన్నములగుండనే వాన దిగును.

మూడవది నిలువ నీరు. వాన లేక పచ్చిక ఎండును; వాన నిలిచిపోయినను పచ్చిక చచ్చును. వాక్యము వినని కరవు ఒకటి కలదు, విన్నదానికి బయటకు దారి లేని వరద మరియొకటి కలదు. ఆదివారము ప్రసంగము, బుధవారము ప్రార్థన, శుక్రవారము ఉపవాస కూటము, ఇంటిలో దినమెల్ల వాక్యపు ధ్వని. అయినను పొరుగింటి రోగిని చూచుటకు తీరిక లేదు. అట్టి ఆత్మ దాహముతో ఎండిపోవుట లేదు, నీటిలోనే కుళ్లుచున్నది. ఒక చిన్న కాలువ త్రవ్వవలెను. విన్న వాక్యములో ఒక్కదానినైనను ఆ వారములోనే ఎవరికైనను మేలుగా మార్చుటయే ఆ కాలువ.

నాలుగవది ఆకలి. ఎరువు లేని నేలలో గరిక పచ్చబడదు. పాచికి మాత్రము ఏ ఎరువును అక్కరలేదు. ఇందులో ఒక హెచ్చరిక కలదు. చలిదేశముల తోట పుస్తకములు పాచి పట్టిన పచ్చికపై సున్నము చల్లుమని చెప్పుచుండును; అచ్చటి నేల పులుపు గలది. సూరత్ నల్లరేగడి సామాన్యముగా పులుపు నేల కాదు. పరీక్షింపక సున్నము చల్లువాడు మేలుకంటె కీడే చేయును. ఒకచోట ఉజ్జీవము తెచ్చిన పద్ధతిని మరియొకచోట తెచ్చి దులుపుట ఇట్టిదే. ఒకనికి ఓదార్పు కావలెను, ఒకనికి మందలింపు కావలెను, ఒకనికి ఒక పూట భోజనమే వాక్యమగును. కాపరి నేలను ఎరుగవలెను. దున్నువాడు ఎప్పుడును దున్నుచునే యుండడనియు, ఏ గింజను ఎచ్చట ఎట్లు వేయవలెనో దేవుడే అతనికి నేర్పుచున్నాడనియు యెషయా గ్రంథము ఇరువది యెనిమిదవ అధ్యాయము తెలుపుచున్నది.

ఐదవది పొట్టిగా కోయుట. పచ్చిక అందముగా ఉండవలెనని యంత్రముతో మొదలంట గొరుగువారు కలరు. గడ్డి తన ఆకులతోనే ఆహారము చేసికొనును. ఒక కోతలో దాని యెత్తులో మూడవవంతునకు మించి తీయరాదని తోటపని వారి నియమము. మొదలంట కోసినప్పుడు నేల బయటపడును, గరిక నీరసించును, పాచికి తలుపు తెరచినట్లగును. సంఘములో క్రొత్తగా చిగురించిన యౌవనుని మాటను, దుస్తును, తప్పటడుగును ప్రతి ఆదివారము మొదలంట కోయు పెద్దలు ఈ సంగతిని ఆలోచింతురు గాక. వారు పచ్చికను చక్కదిద్దుచున్నామనుకొందురు, పాచికే చోటు చేయుచున్నారు. తప్పిదములో చిక్కుకొనినవానిని సాత్వికమైన మనస్సుతో మంచిదారికి తేవలెనని గలతీయులకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది. అటులనే తాను శోధింపబడకుండ చూచుకొనవలెనని పెద్దను కూడ హెచ్చరించుచున్నది.

అయితే పాచిని గీకనే వద్దా? గీకవలెను. నీడ తగ్గించి, నీటికి దారి చేసిన పిమ్మట దంతెతో పాచిని ఎత్తివేయవలసినదే. పాపమును విడువక నేలనుగూర్చి మాటలాడుట ఆత్మవంచన. కాని గీకిన దినమే అపాయకరమైన దినము. నేల అప్పుడు ఖాళీగా, బోడిగా నిలిచియుండును. అపవిత్రాత్మ విడిచిపోయిన యింటినిగూర్చి ప్రభువు చెప్పినది ఇచ్చట తలంపునకు రావలెను. ఆ యిల్లు ఊడ్వబడినది, అమర్చబడినది. అయినను అందులో ఎవరును కాపురముండలేదు. అందుచేత వెళ్లినది తనకంటె చెడ్డవాటిని వెంటబెట్టుకొని తిరిగివచ్చెను. ఆ మనుష్యుని కడపటి స్థితి మొదటి స్థితికంటె హీనమాయెను. త్రాగుడు మానినవానికి సాయంకాలములు ఖాళీ అగును. జూదము మానినవానికి ఆదివారము మధ్యాహ్నము ఖాళీ అగును. చెడ్డ స్నేహము విడిచినవాడు ఒంటరియగును. మానుమని చెప్పుట సంఘమునకు సులభము. మానినవాని సాయంకాలమును నింపుట కష్టము. గీకిన చోట వెంటనే గరిక నాటవలెను.

గరిక నాటుట ఎంత సులభమో పల్లెవారికి తెలియును. దానికి విత్తనమే అక్కరలేదు. బలమైన గరికనుండి కణుపులు గల కాడలు తెచ్చి తడినేలలో పాతిన చాలును; ప్రతి కణుపు వేరు పట్టి ఇరుప్రక్కల ప్రాకును. క్షీణించిన విశ్వాసిని బాగుచేయునది ఉపదేశము మాత్రమే కాదు, వేరు గల మరియొక విశ్వాసి సాంగత్యము. ఒక కుటుంబము మరియొక కుటుంబమును వారమునకొకసారి తన భోజనపు వరుసలో కూర్చుండబెట్టుకొనుట ఒక కణుపు పాతుటయే.

ఇంకొక సంగతి కలదు, అది కాలము. నాటిన గరికపై కొంతకాలము ఎవరును నడువకుండ త్రాడు కట్టుదురు. తిరిగివచ్చిన సహోదరుని ఆ వారమే సాక్ష్యమునకు వేదికనెక్కించి, మరుసటి నెలలో సంఘపు బరువును అతనిపై మోపుట ఆ త్రాడును త్రెంచుటయే. లూకా వ్రాసిన సువార్త పదమూడవ అధ్యాయములో మూడు సంవత్సరములు ఫలము లేని అంజూరపు చెట్టునుగూర్చి ఉపమానము కలదు. యజమానుడు నరికివేయుమనెను. తోటమాలి చెట్టును సమర్థింపలేదు. చెట్టు మంచిదని చెప్పలేదు. చెట్టు చుట్టునున్న నేలనుగూర్చి మాటలాడెను. ఇంకొక సంవత్సరము గడువడిగి, తానే దాని చుట్టు త్రవ్వి ఎరువు వేసెదననెను. గొడ్డలి చెట్టుకు తగులును. పార నేలకు తగులును. ఆ తోటమాలి చేతిలోనున్నది పార. పాపులకొరకు విజ్ఞాపన చేయు క్రీస్తు మనస్సు ఇట్టిదే.

ఆల్థాన్ ప్రక్కనే కాంకరా ఖాడీ అను వాగు కలదు. దాని వెంబడి ఇటీవలి సంవత్సరములలో నగరపాలక సంస్థ చెట్లు నాటించి జీవవైవిధ్య ఉద్యానమును పెంచినది. నగరము వెనుకకు నెట్టివేసిన నేల మరల పచ్చబడుట మనుష్యుల చేతికే సాధ్యమైనప్పుడు, నేలను సృజించిన దేవునికి అసాధ్యమగునా? సార్దీస్ సంఘమునకు జీవించుచున్నదన్న పేరుండెను, లోపల మృతమైయుండెను. అది పాచి పచ్చదనము. అయినను ప్రభువు ఆ సంఘమును విడువలేదు. చావనైయున్న మిగిలినవాటిని బలపరచుమని పిలిచెను. ఎంత పాచి పట్టిన పచ్చికలోనైనను వెదకినయెడల రెండు గరిక పోచలైనను కనబడును. తిరిగి పచ్చబడుట అచ్చటనుండియే ఆరంభమగును.

కాబట్టి ఈ దినమున ప్రతి విశ్వాసియు, ప్రతి గృహస్థుడును, ప్రతి కాపరియు ఈ మూడు సంగతులను ప్రభువు సన్నిధిని ప్రశ్నించుకొనవలెను. మరల మరల ఒకేచోట పాచి పట్టుచున్నయెడల అచ్చట ఏ కొమ్మ వెలుగును కప్పుచున్నది? విన్న వాక్యము ఏ దారిని బయటికి పారుచున్నది? ఈ సంవత్సరము గీకివేసిన చోట ఏమి నాటబడినది?

డెబ్బదిరెండవ కీర్తన రాజును గడ్డిమీదికి దిగివచ్చు వానతో పోల్చుచున్నది. అది కోసిన గడ్డి, గాయపడిన గడ్డి. వాన దానిపై దిగునది దానిని ముంచుటకు కాదు, బ్రదికించుటకు. కొమ్మను కత్తిరించుట, నేలను పొడుచుట, కాలువ త్రవ్వుట, కణుపు పాతుట మనుష్యుని పాచిపని. దానిని తెల్లవారినది మొదలు నమ్మకముగా చేయువాని నేలమీద వాన కురిపించుట ప్రభువు పని. ఆయన తన పనిని మరచువాడు కాడు.